మధ్యలో ఒక కిలోమీటరు

2004 జూన్ 30న డబ్లిన్ నగరంలో ట్రాము మళ్ళీ నడిచింది. పాత ట్రాములు 1949లో నగర వీధులు వదిలిన యాభై అయిదేళ్ళకు వచ్చిన బండి అది. దక్షిణాన శాండిఫర్డ్ నుంచి ఊరి నడిబొడ్డున ఉన్న సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ అనే తోట దాకా దాని దారి. పటంలో దానిది ఆకుపచ్చ గీత. మూడు నెలలు తిరక్కముందే, సెప్టెంబరులో, నైరుతి శివారు టాలా నుంచి కానలీ రైల్వే స్టేషన్‌కు ఎరుపు గీత వచ్చింది. రెండింటికీ పేరు ఒకటే, లువాస్. ఐరిష్ భాషలో వేగం అని అర్థం. బండ్లు తయారు చేసింది ఒకే ఫ్రెంచి కంపెనీ, నడిపేది ఒకే సంస్థ, పట్టాల వెడల్పూ ఒకటే. కానీ ఆ రెండు గీతలు ఎక్కడా కలవలేదు.

ఆకుపచ్చ బండి చివరి స్టాపులో దిగి ఎరుపు బండి ఎక్కాలంటే దుకాణాల వీధి గ్రాఫ్టన్ స్ట్రీట్ వెంట నడిచి, లిఫీ నది దాటి, ఆబీ స్ట్రీట్ చేరుకోవాల్సి వచ్చేది. సుమారు కిలోమీటరు, పదిహేను నిమిషాలు. సామాను ఉంటే, చంకలో పిల్ల ఉంటే, డబ్లిన్ వాన పడుతుంటే ఎంత సేపో ఎవరికి వారే లెక్కేసుకోవాలి. ఇలా ఒకటి రెండేళ్ళు కాదు, పదమూడేళ్ళు గడిచాయి.

ట్రాముల మీద జరిగే చర్చ ఎక్కువగా వేరే చోట తిరుగుతుంటుంది. ట్రాము మేలా, బస్సు మేలా, మెట్రో మేలా? కిలోమీటరుకు ఎంత ఖర్చు? ఎన్నేళ్ళలో పూర్తవుతుంది? వీధి అందం పెరుగుతుందా, చెడుతుందా? 1985లో ఫ్రాన్సులోని నాంత్ నగరం కొత్త తరహా ట్రామును తిరిగి వీధిలోకి తెచ్చినప్పటి నుంచి యూరపు, ఆస్ట్రేలియా, అమెరికా నగరాలు ఈ ప్రశ్నల మీదే నివేదికలు రాయించుకున్నాయి. ప్రశ్నలు తప్పని అనను గాని, అవి సగమే. నలభై ఏళ్ళ అనుభవం చూస్తే, ఒక ట్రాము మార్గం బాగుపడిందా చెడిందా అన్నది దాని పొడవును బట్టి గానీ బండి సొగసును బట్టి గానీ తేలలేదు. జనం ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కే చోట తేలింది.

బండి మారడం మనకు కొత్త కాదు. గుంతకల్లులో మీటర్ గేజి బండి దిగి, పెట్టెలు నెత్తిన పెట్టుకుని, బ్రాడ్ గేజి బండి కోసం పరుగెత్తిన తరం ఇంకా మన ఇళ్ళలో ఉంది. "కనెక్షన్ బండి అందుతుందా?" అన్నది ఆ రోజుల్లో ప్రయాణం మొత్తానికీ పెద్ద బెంగ. ఆ బెంగనే రవాణా లెక్కలు కట్టేవాళ్ళు అంకెల్లో పెట్టారు. వాళ్ళ దృష్టిలో నిమిషాలన్నీ సమానం కావు. సీట్లో కూర్చుని కదిలే నిమిషం కంటే స్టాపులో నిలబడే నిమిషాన్ని దాదాపు రెట్టింపుగా లెక్కేస్తారు. అది చాలదన్నట్టు, మారడమనే పనికి విడిగా మరికొన్ని నిమిషాలు జరిమానా కలుపుతారు. ఎక్కాల్సిన బండి అప్పుడే వచ్చి ఎదురుగా నిలబడ్డా ఆ జరిమానా పోదు. ఈ లెక్కలో డబ్లిన్ పదిహేను నిమిషాల నడక అరగంటకు తక్కువ కాదు. అరగంట అంటే చాలామందికి కారు తాళం చేతిలోకి తీసుకోవడానికి సరిపడా కారణం.

ఆ కిలోమీటరు ఎలా వచ్చిందో కొంచెం నిదానంగా చూడాలి. అది ఏ ఇంజనీరో చేసిన పొరపాటు కాదు. 1990ల మధ్యలో వేసిన అసలు పథకంలో ట్రాము పట్టాలు నగర కేంద్రం గుండా తెగకుండా వెళ్తాయి. వీధులు తవ్వితే వ్యాపారాలు దెబ్బతింటాయనీ, ఇరుకు వీధుల్లో ట్రాఫిక్ ఆగిపోతుందనీ గొడవ మొదలైంది. ట్రామును నేల కిందికి పంపాలన్న వాదన బలపడింది. ప్రభుత్వం మారింది, కొత్త అధ్యయనం చేయించారు, 1998 మేలో నిర్ణయం వచ్చింది. టాలా మార్గం నేల మీదే కానలీకి పోతుంది; దక్షిణపు మార్గం స్టీఫెన్స్ గ్రీన్ దాకా నేల మీద వచ్చి, అక్కణ్ణుంచి సొరంగంలో ఉత్తరానికి పోతుంది. కాగితం మీద చక్కటి రాజీ. సొరంగం రాబోతోంది కదా అని పైన పట్టాలు ఆపేశారు. సొరంగం మాత్రం రాలేదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. విడివిడిగా చూస్తే ఆ నిర్ణయాల్లో ఏ ఒక్కటీ మూర్ఖమైనది కాదు. అన్నీ కలిస్తే మాత్రం నగరం నట్టనడుమ ఒక కిలోమీటరు ఖాళీ మిగిలింది.

అయినా రెండు మార్గాలూ మొదటి రోజు నుంచీ కిటకిటలాడాయి. ఇది నా వాదనకు అడ్డమే కాబట్టి దాటవేయకూడదు. ఆకుపచ్చ మార్గానికి దొరికింది పాత రైలుదారి. 1958 చివరి రోజున మూసేసిన హార్‌కోర్ట్ స్ట్రీట్ రైలు మార్గం గట్టు చాలావరకు అలాగే మిగిలి ఉండటంతో, చార్లెమాంట్ నుంచి శాండిఫర్డ్ దాకా ట్రాముకు సొంత బాట దొరికింది. మిల్‌టౌన్ దగ్గర పాత తొమ్మిది కమానుల వంతెన మీదుగా, డండ్రంలో తీగలతో వేలాడే కొత్త వంతెన మీదుగా, కార్లతో సంబంధం లేకుండా బండి సాగుతుంది. కొత్త వంతెనకు ఐర్లండ్ రైలుమార్గాలు నిర్మించిన విలియం డార్గన్ పేరు పెట్టారు.

ఎరుపు మార్గానికి అలాంటి బాట తక్కువ. నగరంలో కార్ల మధ్య నక్కుతూ నడవాలి. దాని బలమంతా కలయికల్లోనే. కార్క్, గాల్వే, లిమెరిక్ రైళ్ళు వచ్చే హ్యూస్టన్ స్టేషన్ నగరానికి ఒక కొసన ఉంది. బెల్‌ఫాస్ట్, స్లైగో రైళ్ళూ, సముద్రతీరం వెంట తిరిగే డార్ట్ రైళ్ళూ వచ్చే కానలీ ఇంకో కొసన ఉంది. ఈ రెండు పెద్ద స్టేషన్లనూ, మధ్యలో దూరప్రాంతపు బస్సుల స్టేషన్ బుసారస్‌నూ, షాపింగ్ వీధులనూ ఒకే దారానికి గుచ్చింది ఎరుపు గీతే. సెయింట్ జేమ్స్ ఆసుపత్రి, టాలా ఆసుపత్రి, ఎం50 రహదారి పక్కన కార్లు పెట్టుకునే రెడ్ కౌ కూడా దాని మీదే ఉన్నాయి. కార్క్ నుంచి వచ్చి బెల్‌ఫాస్ట్ వెళ్ళేవాడికి ఈ ట్రాము రెండు రైళ్ళ మధ్య వంతెన. ఒకే నగరంలో ఒక మార్గం కలయికలతో బతికింది, ఇంకోటి కలయిక లేకున్నా మంచి బాట మీద బతికింది. బతకడమంటే అదే. నెట్‌వర్క్ అనిపించుకోవడం వేరే సంగతి.

ఎరుపు గీతలోనూ ఒక చిన్న ముడి ఉంది. 2009 డిసెంబరులో దాన్ని రేవు ప్రాంతానికి, ద పాయింట్ దాకా పొడిగించారు. ఆ పొడిగింపు కానలీ దాటాక మొదలుకాలేదు, బుసారస్ దగ్గరే చీలింది. దాంతో అప్పటిదాకా చివరి స్టాపుగా ఉన్న కానలీ పక్కకొమ్మ అయిపోయింది. ద పాయింట్ బండి కానలీకి పోదు, కానలీ బండి ద పాయింట్‌కు పోదు. నగరంలో ముఖ్యమైన రైల్వే స్టేషన్‌కు నేరుగా పోయే బండ్లు తగ్గడం ఏ పటంలోనూ ఎర్ర అక్షరాల్లో కనబడదు. బుసారస్‌లో దిగి నడిచేవాళ్ళకే తెలుస్తుంది.

చివరికి 2017 డిసెంబరు 9న లువాస్ క్రాస్ సిటీ ప్రారంభమైంది. సుమారు ఆరు కిలోమీటర్లు, పదమూడు స్టాపులు, 36.8 కోట్ల యూరోలు. స్టీఫెన్స్ గ్రీన్ నుంచి డాసన్ స్ట్రీట్ దిగి, ట్రినిటీ కాలేజీ ముందు మలుపు తిరిగి, లిఫీ దాటి ఓకానల్ స్ట్రీట్ ఎక్కి, ఆపైన పాత బ్రాడ్‌స్టోన్ రైలుదారిలోకి దూరి బ్రూంబ్రిడ్జ్ చేరుతుంది. ఉత్తరానికి పోయే బండి ఓకానల్ వంతెన మీద దాటుతుంది. దక్షిణానికి వచ్చేది కార్మిక నాయకురాలు రోజీ హ్యాకెట్ పేరు పెట్టిన కొత్త వంతెన మీద దాటుతుంది. 2014లో తెరిచిన ఆ వంతెన మీద సొంత కార్లకు చోటు లేదు. ఎరుపు బండి అందుకోవాలంటే ఉత్తరానికి పోతున్నప్పుడు జనరల్ పోస్టాఫీసు దగ్గర, దక్షిణానికి వస్తున్నప్పుడు మార్ల్‌బరో స్ట్రీట్‌లో దిగి, మూల తిరిగి ఆబీ స్ట్రీట్‌లోకి నడవాలి. ఒకే ప్లాట్‌ఫారం మీద ఈ పక్క నుంచి ఆ పక్కకు మారే వసతి కాదు. అయినా పదిహేను నిమిషాల నడక రెండు మూడు నిమిషాలకు వచ్చింది. ఒకప్పుడు నెల్సన్ స్తంభం ఉన్న ఈ చోటే పాత డబ్లిన్ ట్రాములకు కూడలి. జేమ్స్ జాయిస్ 'యులిసీస్'లో ఒక అధ్యాయం ఆ ట్రాముల దగ్గరే మొదలవుతుంది. కొత్త ట్రాముకు తన పాత చౌరస్తా చేరడానికి ఇంత తిరుగుడు పట్టింది.

బ్రూంబ్రిడ్జ్ గురించి ఒక మాట. ఇక్కడ ట్రాము దిగితే మేనూత్ మార్గపు రైలు పక్కనే ఉంటుంది. పశ్చిమాన ఉన్న ఊళ్ళవాళ్ళు రైల్లో వచ్చి ఇక్కడ మారితే విశ్వవిద్యాలయం ఉన్న గ్రాంజ్‌గోర్మన్‌కూ, ఫిబ్స్‌బరోకూ, డాసన్ స్ట్రీట్‌కూ నేరుగా పోవచ్చు. ఆ పక్కనే రాయల్ కెనాల్ మీద చిన్న రాతి వంతెన ఉంది. 1843 అక్టోబరు 16న గణితవేత్త విలియం రోవన్ హామిల్టన్ కాలవగట్టున నడుస్తుండగా క్వాటర్నియన్ల సూత్రం తట్టి, ఆ వంతెన రాయి మీదే గీశాడు. కాలవ, రైలు, ట్రాము, బీజగణితం ఒక్కచోట కలిసిన స్టాపు ప్రపంచంలో ఇంకోటి ఉందనుకోను.

కలిపాక అంతా సుఖమేనా అంటే, కాదు. 2018 మొదటి వారాల్లో ట్రినిటీ ముందరి కాలేజ్ గ్రీన్ అడకత్తెరలో పోకచెక్క అయింది. అటు నగరపు బస్సుల్లో చాలా భాగం ఆ ఇరుకులోంచే పోవాలి. ఇటు 55 మీటర్ల కొత్త ట్రాములు అదే ఇరుకులో మలుపు తిరగాలి. సిగ్నల్ దగ్గర ట్రాము ఆగితే వెనక వంతెన దాకా బస్సులు నిలిచాయి. కొన్ని బస్సులను వేరే దారి పట్టించాల్సి వచ్చింది. ట్రాము ప్రయాణికుడికి మేలు చేసిన పట్టాలు బస్సు ప్రయాణికుడి దారి మళ్ళించాయి. ట్రాము పథకాల నివేదికల్లో లాభాల పట్టిక ట్రాముదే ఉంటుంది; దారి మారిన బస్సులో కూర్చున్నవాడి నిమిషాలు చాలాసార్లు ఆ పట్టికలోకి రావు.

డబ్లిన్‌లో ఇంకా కలవనివి ఉన్నాయి. ఆకుపచ్చ గీత శాండిఫర్డ్ దాటి బ్రైడ్స్ గ్లెన్ దాకా తీరానికి దగ్గరగా పోతుంది గాని, తీరం వెంట పోయే డార్ట్ రైలును ఎక్కడా తాకదు. హ్యూస్టన్ నుంచి స్టీఫెన్స్ గ్రీన్ కింది నుంచి పోవాల్సిన డార్ట్ సొరంగం పథకాన్ని పక్కన పెట్టేశారు. విమానాశ్రయానికి రైలూ లేదు, ట్రామూ లేదు. స్వోర్డ్స్ నుంచి విమానాశ్రయం మీదుగా వచ్చే మెట్రో పథకం చార్లెమాంట్‌లో ఆకుపచ్చ గీతను కలుసుకోవాలి. చదువుకో ఉద్యోగానికో తెలుగు పిల్లలు డబ్లిన్‌లో దిగినప్పుడు రెండు సూట్‌కేసులతో మొదట ఎక్కేది బస్సో టాక్సీయో. ఈ ఖాళీ అర్థం కావడానికి వాళ్ళకు పటం అక్కర్లేదు.

ట్రామునే రైలుగా మార్చేస్తే బండి మారే బాధ ఉండదు కదా? జర్మనీలోని కార్ల్స్‌రూయె చేసింది అదే. అక్కడి రవాణా సంస్థను నడిపిన డీటర్ లుడ్విగ్ పట్టుదలతో 1992 సెప్టెంబరులో, నగర వీధిలో తిరిగే ట్రాము అదే చక్రాల మీద ప్రధాన రైలు మార్గంలోకి ఎక్కి బ్రెటెన్ అనే ఊరికి పోవడం మొదలైంది. వీధిలో 750 వోల్టుల డీసీ కరెంటు, రైలు మార్గంలో 15,000 వోల్టుల ఏసీ; రెండూ తీసుకునే బండి తయారు చేయించారు. అంతవరకు బజారుకు దూరంగా ఉన్న స్టేషన్‌లో దిగి ట్రాము ఎక్కాల్సినవాళ్ళు బజారు మధ్యలోనే దిగారు. ప్రయాణికులు ఎన్నో రెట్లు పెరిగారు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ మాకూ కావాలన్నాయి. చివరికి ప్రధాన వీధి కైజర్‌స్ట్రాసెలో ఒకదాని వెనక ఒకటిగా ట్రాములు గోడ కట్టినట్టు నిలబడి, మనిషి వీధి దాటలేని పరిస్థితి వచ్చింది. పదేళ్ళకు పైగా తవ్వి, మొదటి అంచనాకు రెట్టింపుకు పైగా ఖర్చుపెట్టి, 2021 డిసెంబరులో వాటిని సొరంగంలోకి పంపారు. బండి మారే బాధను ప్రయాణికుడి నెత్తి మీంచి తీసేస్తే అది వీధి నెత్తిన పడింది. అయినా ఇదే మంచి బేరమని నా అభిప్రాయం. వీధి సమస్యకు డబ్బుతో విరుగుడు ఉంది. విసుగెత్తి కారు కొనుక్కున్నవాణ్ణి వెనక్కి తేవడానికి లేదు.

డబ్లిన్ ఈ పని చేయలేదు. ట్రాము పట్టాలు 1435 మిల్లీమీటర్లు, ఐర్లండ్ రైలు పట్టాలు 1600. మళ్ళీ గుంతకల్లే.

కలయికలను ముందుగా ఆలోచించి, ఆ తర్వాత గీతలు గీసిన నగరం చూడాలంటే ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్‌. అక్కడ 1989 మునిసిపల్ ఎన్నికల్లో ప్రశ్నే ఇది: డ్రైవరు లేని మెట్రోనా, వీధి ట్రామా? ట్రాము పక్షాన నిలబడ్డ కేథరిన్ ట్రౌట్‌మన్ మేయరయ్యారు. 1994 నవంబరులో మొదటి మార్గం నడిచింది. ట్రాము గీతల్లో చాలావరకు ఓమ్ ద ఫేర్ అనే కూడలిలో గాజు చట్రపు గుండ్రటి కప్పు కింద కలుస్తాయి. ఎవరు ఎటు పోవాలన్నా ఒక్కసారి మారితే చాలు. నేల మీదే నడవాలని పట్టుబట్టిన ఈ ట్రాము రైల్వే స్టేషన్ దగ్గర మాత్రం భూమిలోకి దిగుతుంది. కలయిక కోసం సిద్ధాంతం వదులుకోవడం నాకు నచ్చిన విషయం. ఊరి అంచున కారు పెట్టినవాళ్ళకు పార్కింగ్ టికెట్టే కార్లో వచ్చిన వాళ్ళందరి రానూపోనూ ట్రాము టికెట్టు. అలాంటి ఒక పార్కింగ్‌నూ, ట్రాము చివరి స్టాపునూ హోనైమ్‌లో జహా హదీద్ రూపొందిస్తే ఆ కట్టడానికి యూరపు వాస్తుశిల్ప బహుమతి వచ్చింది. 2017 ఏప్రిల్‌లో ట్రాము రైన్ నది దాటి జర్మనీలోని కేల్ స్టేషన్‌కు చేరింది. దేశం మారినా బండి మారనక్కర్లేదు.

పట్టాలు కలిసినా టికెట్టు కలవకపోతే? ఇక్కడ పారిస్ సంగతి చెప్పుకోవాలి. 2006 డిసెంబరులో నగరపు దక్షిణ అంచున టీ3 ట్రాము వచ్చింది. దగ్గర్లోనే పెటిట్ సెంతూర్ అనే పాత వలయ రైలుమార్గం ఖాళీగా పడి ఉండగా, ట్రామును మార్షల్స్ బులెవార్డులనే వెడల్పాటి వీధుల మీదికి తెచ్చారని అప్పట్లో పెద్ద వాదన. బులెవార్డు మీద అయితే మెట్రో స్టేషన్లకూ, బస్సులకూ, జనం నిజంగా నడిచే పేవ్‌మెంటుకూ దగ్గరని దాన్ని సమర్థించినవాళ్ళ జవాబు. వాళ్ళదే సరైన మాట. కానీ పోర్ట్ ద వాన్సెన్ దగ్గర టీ3ఏ, టీ3బీ అని గీతను రెండు చేశారు. ఒకటి దిగి, వెడల్పాటి రోడ్డు దాటి, ఇంకోటి ఎక్కాలి. పొడవాటి గీత ఒక చోట ఆలస్యమైతే మొత్తం చెడుతుందని కావాలనే తెంపారు. టికెట్టు వింత ఇంకోటి. ఒక్క ప్రయాణపు టికెట్టు కొన్నవాడు ట్రాము నుంచి బస్సుకు మారవచ్చు, మెట్రోకు మారితే కొత్త టికెట్టు కొనాలి. 2025 జనవరిలో ధరల పద్ధతి మొత్తం మార్చారు. అప్పుడు బస్సు, ట్రాముకు 2 యూరోలు పెట్టారు. మెట్రో, రైలుకు 2.50 పెట్టారు. ఈ రెండింటి మధ్య గోడ మాత్రం అలాగే ఉంది. నెల పాసు ఉన్నవాడికి ఆ గోడ కనబడదు. అప్పుడప్పుడు వచ్చేవాడికీ, నెల డబ్బు ఒక్కసారి కట్టలేనివాడికీ తగులుతుంది.

ఈ విషయంలో డబ్లిన్ ఆలస్యంగానైనా ముందుకు పోయింది. 2011లో బస్సుకూ, ట్రాముకూ, రైలుకూ పనికొచ్చే లీప్ కార్డు వచ్చింది. 2021 నవంబరులో తొంభై నిమిషాల ఛార్జీ పెట్టారు. మొదటి బండి ఎక్కిన తొంభై నిమిషాల్లోపు బస్సు, ట్రాము, నగర పరిధిలోని రైలు ఏది ఎన్నిసార్లు మారినా అదే డబ్బు. మొదట 2.30 యూరోలు, మరుసటి ఏడు తగ్గించి 2 యూరోలు చేశారు. క్రాస్ సిటీకి 36.8 కోట్ల యూరోలు పోశారు. ఈ ఛార్జీకి ఏ వీధీ తవ్వలేదు. పట్టాలు కలిపిన నాలుగేళ్ళకు గాని టికెట్టు కలపలేదంటే, ఇందులో కష్టం కాంక్రీటుది కాదని తెలుస్తూనే ఉంది. సంస్థలు ఆదాయం పంచుకోవాలి. అదే కష్టం.

ఆ ఛార్జీ బస్సుల కోసం పుట్టిందని మరచిపోకూడదు. 'హ్యూమన్ ట్రాన్సిట్' అనే పుస్తకం రాసిన రవాణా సలహాదారు జారెట్ వాకర్ సాయంతో డబ్లిన్ 2018లో బస్సు మార్గాలన్నీ తిరగరాయాలని పథకం ప్రకటించింది. ప్రతి వాడ నుంచీ నగర కేంద్రానికి ఒక బస్సు, అదీ అరగంటకొకటి అనే బదులు, కొన్ని ప్రధాన మార్గాల్లో నిమిషాల తేడాతో బస్సులు, మిగతా చోట్ల నుంచి వచ్చి వాటిలోకి మారడం. జనం ఒప్పుకోలేదు. సభలు పెట్టారు, వేల అభ్యంతరాలు వచ్చాయి. "మా వీధి బస్సు ఎందుకు తీసేస్తారు? మా అమ్మ వానలో ఎక్కడ నిలబడాలి?" అన్నదే వాటి సారం. నిపుణుడి లెక్క సరైనదే. ఆ అమ్మ మాటా సరైనదే. షెల్టరు లేని, బండి ఎప్పుడొస్తుందో చెప్పని, రెండోసారి డబ్బు అడిగే స్టాపులో నిలబెట్టి 'మారడమే స్వేచ్ఛ' అంటే ఎవరు నమ్ముతారు? పథకాన్ని సవరించి, ఛార్జీ కలిపి, 2021 నుంచి విడతలుగా అమలు చేయడం మొదలుపెట్టారు.

స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో ట్రాము కథ చాలామందికి ఖర్చు కథగానే తెలుసు. 77.6 కోట్ల పౌండ్లు, అనుకున్నదానికంటే చిన్న మార్గం, ఏళ్ళ ఆలస్యం, ఆ తర్వాత ఏళ్ళ తరబడి విచారణ, 2023లో నివేదిక. అంతా నిజమే. కానీ 2014లో విమానాశ్రయం నుంచి నడిచిన ఆ ట్రాము హేమార్కెట్ స్టేషన్ గుమ్మంలో ఆగుతుంది. 2016 డిసెంబరులో ఫైఫ్ వైపు రైళ్ళను ట్రాముతో కలపడానికే ఎడిన్‌బరో గేట్‌వే అనే కొత్త రైల్వే స్టేషన్ కట్టారు. 2023 జూన్‌లో మార్గం న్యూహేవెన్ దాకా వెళ్ళింది. కట్టడంలో పరువు పోయినా కలపడంలో కొంత నిలబెట్టుకున్న నగరం అది.

మన దగ్గర ట్రాము మాట ఎత్తితే పెద్దలకు మద్రాసు గుర్తొస్తుంది. 1895లో దేశంలో మొదటి కరెంటు ట్రాము నడిచింది అక్కడే. 1953 ఏప్రిల్‌లో ఆగిపోయింది. అదే ఏడు అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం మద్రాసు నుంచి విడిపోయింది. రెండింటికీ సంబంధం లేదు గాని, ఆ తరం తెలుగువాళ్ళ జ్ఞాపకంలో రెండూ పక్కపక్కనే ఉంటాయి. కలకత్తా ఒక్కటే ట్రామును మిగుల్చుకుంది. 2024లో హుగ్లీ నది కింద మెట్రో వచ్చి ఎస్ప్లనేడ్‌ను హౌరాతో కలిపింది. అదే ఏడు సెప్టెంబరులో, మైదానం నుంచి ఎస్ప్లనేడ్ దాకా ఒక్క వారసత్వ మార్గం మినహా ట్రాములు ఆపేస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. కొత్త మెట్రోకు జనాన్ని తెచ్చి ఇచ్చే పని ట్రాముకు అప్పజెప్పవచ్చునన్న ఆలోచన సరిగ్గా అప్పుడే రావాల్సింది. సొంత బాట లాగేసి, కార్ల మధ్య నిలబెట్టి, నిదానంగా పోతోందని నిందించడం ఏం న్యాయం?

హైదరాబాదుకు ట్రాము లేదు గాని ప్రశ్న అదే. అమీర్‌పేటలో రెండు మెట్రో మార్గాలు ఒకదాని మీద ఒకటి దాటుతాయి. మెట్లెక్కితే బండి మారినట్టే. అది మంచి కలయిక. ఇంకో పక్క హైటెక్ సిటీ అనే పేరుతో ఎం.ఎం.టి.ఎస్. లోకల్ రైళ్ళ స్టేషన్ ఒకటుంది, మెట్రో స్టేషన్ ఒకటుంది. పేరు చూసి ఇక్కడ దిగి అది ఎక్కుదామనుకునే కొత్తవాడు ఆటో మాట్లాడుకోవాల్సిందే. నడిచి మారేంత దగ్గర కాదు. ఎం.ఎం.టి.ఎస్. 2003లో వచ్చింది, మెట్రో 2017లో. పద్నాలుగేళ్ళ వ్యవధి ఉండగా రెండోదాన్ని గీసేటప్పుడు మొదటిది పటం మీదే ఉంది.

విశాఖపట్నానికి 2020 ప్రాంతంలో వేసిన మెట్రో ప్రణాళికలో ఆధునిక ట్రాము మార్గాలు కూడా ప్రతిపాదించారు. ఎప్పుడు ఏది వస్తుందో గాని, అలాంటి పథకం మీద మీ ఊళ్ళో అభిప్రాయాలు అడిగితే ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని కోట్లు అన్న పేజీ దగ్గర ఆగిపోకండి. రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారం నుంచి ట్రాము స్టాపుకు ఎన్ని అడుగులో, మధ్యలో ఎన్ని మెట్లో, బస్సు ఎక్కడ ఆగుతుందో, రెండింటికీ ఒక టికెట్టో రెండో రాసిన పేజీ చూపించమని అడగండి. ఆ పేజీ లేకపోతే నివేదిక ఇంకా పూర్తి కానట్టే.